ఇనుము బియ్యం కోసం ఆగకండి, మీ మూడెకరాల్లో సజ్జ వేయించండి

ప్రశ్న: మాది బెంగళూరు సర్జాపుర రోడ్డు పక్కన అపార్ట్‌మెంటు. వెనక కొత్త టవర్లు లేస్తున్నాయి. ఆ పనికి వచ్చినవాళ్ళ రేకుల షెడ్లు మా గోడకు ఆనుకునే ఉంటాయి. సగానికి సగం మనవాళ్ళే, కదిరి, మడకశిర, ఆదోని వైపు నుంచి వచ్చారు. తక్కినవాళ్ళది రాయచూరు, యాదగిరి. ఆదివారాలు మేం కొంతమంది ఆడవాళ్ళం అక్కడి పిల్లలకు అక్షరాలు నేర్పుతుంటాం. ఈమధ్య అక్కడి ఆడవాళ్ళకు రక్తపరీక్ష చేయించాం. ఎక్కువమందికి హిమోగ్లోబిన్ 9, 10 మధ్యన ఉంది. ఇద్దరికి 7 కూడా లేదు, అందులో ఒకమ్మాయికి ఐదో నెల. ఐరన్ ఎక్కువగా ఉండే కొత్త వరి వచ్చిందని విన్నాను. హిందూపురం దగ్గర మాకు బోరు కింద మూడెకరాలుంది, ఇప్పుడు కౌలుకిచ్చాం. ఆ విత్తనం తెచ్చి వేయించి, ఆ బియ్యమే వీళ్ళకు పంచాలని నా ఆలోచన. విత్తనం ఎక్కడ దొరుకుతుంది? అంతవరకూ ఎర్రబియ్యం కొనిస్తే పనికొస్తుందా? మా బృందం నెలకు పదిహేను వేల దాకా పోగుచేయగలదు.

సమాధానం: ముందు ఆ ఇద్దరి సంగతి చూడండమ్మా. ఐదో నెల అమ్మాయిని ఆదివారం దాకా ఆగకుండా రేపే పెద్ద ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి. గర్భిణికి 7 లోపుంటే అది తీవ్రమైన రక్తహీనత. మాత్రలు సరిపోతాయో, ఇనుము సెలైన్‌లో ఎక్కించాలో, రక్తమే ఎక్కించాలో డాక్టరు తేల్చాల్సిన విషయం. రెండో ఆవిడకీ ఆసుపత్రి తప్పదు, గర్భిణి కానివాళ్ళకు 8 లోపుంటేనే తీవ్రం అంటారు. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందేమో, ఇంకేదైనా జబ్బుందేమో చూడాలి. మీలో ఒకరు తోడు వెళ్ళండి. కన్నడం రాక, ఏ కిటికీ దగ్గర చీటీ రాయించుకోవాలో తెలియక, ఒకరోజు కూలి పోతుందన్న బెంగతో గేటు దగ్గర్నుంచే తిరిగొచ్చేవాళ్ళు చాలామంది.

ఇక వరి. మీరడిగిన విత్తనం లేదు. తెల్లబియ్యంలో శాస్త్రవేత్తలు పెట్టుకున్న ఇనుము లక్ష్యాన్ని అందుకుని మన రైతు చేతికి వచ్చిన వంగడం ఇంతవరకూ లేదు. సంచి మీద ‘ఐరన్ వరి’ అని రాసి ఎవరైనా అమ్మజూపితే డబ్బు లోపలే పెట్టుకోండి. వరి వంగడాలు తయారుచేసే పనిలో బతికినవాణ్ణి, ఈ మాట నాకేమీ సంతోషం కాదు. ఎందుకు రాలేదో చెబితే మీ మూడెకరాలకు ఏం చేయాలో కూడా తేలుతుంది, కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

మీ హిందూపురం మట్టి ఎర్రగా ఉండేది ఇనుము వల్లే. మడిలో నీళ్ళు నిలిస్తే ఆ ఇనుము కరిగి వేరుకు ఇంకా తేలిగ్గా అందుతుంది కూడా. అంటే వరికి ఇనుము దొరక్క కాదు, దొరికినదాన్ని గింజలోకి పోనివ్వదు. ఇనుము ఎక్కువైతే మొక్కకు విషం. అందుకే వేరు నుంచి ఆకుకు, ఆకు నుంచి వెన్నుకు పోయే దారంతా కాపలా పెట్టుకుంటుంది. గింజకు చేరిన కాస్తంతా పైపొరలోనూ మొలక భాగంలోనూ సర్దుకుంటుంది. మిల్లులో ఆ రెండూ తవుడై పశువుల తొట్టిలోకి పోతాయి. మనం తినే తెల్లబియ్యంలో మిగిలేది కిలోకు 2 మిల్లీగ్రాముల దగ్గర. దాన్ని 13కు చేర్చాలన్నది అంతర్జాతీయంగా ఈ పని మీద ఉన్నవాళ్ళు పెట్టుకున్న గురి. అలా చేరితే ఒంటికి సగటున కావలసిన ఇనుములో దాదాపు 30 శాతం అన్నంలోంచే వస్తుందని వాళ్ళ లెక్క.

పాలిష్ పట్టని బియ్యం పెడితే సరిపోదా అని మీకు అనిపిస్తుంది. తవుడులో ఇనుముతో పాటు ఫైటిక్ ఆమ్లం కూడా ఉంటుంది, అది ఇనుమును పట్టుకుని పేగుకు అందనివ్వదు. పైగా ముడిబియ్యం ఉడకడానికి రెట్టింపు గ్యాసు కావాలి, తవుడులోని నూనె వల్ల తొందరగా ముక్కవాసన వస్తుంది. రేకుల షెడ్డులో, ఆ వేడిలో, చిన్న సిలిండరు పొదుపుగా వాడుకునే ఇల్లాలికి అది సలహా కాదు, శిక్ష.

ఈ పనిలో ఒక తమాషా చిక్కుంది. వేల రకాల గింజలు తెచ్చి ఇనుము కొలుస్తారు. ఏదో ఒక రకంలో అంకె ఆకాశానికి లేస్తుంది, అందరూ సంబరపడతారు. తీరా చూస్తే అది గింజలో ఉన్న ఇనుము కాదు, కళ్ళంలో అంటిన దుమ్ముదో, మిల్లు పళ్ళు అరిగి రాలిందో! అందుకే ఇనుము తగలని మిల్లుల్లో బియ్యం ఆడిస్తారు. నమూనాలో అల్యూమినియం ఎంతుందో కూడా చూస్తారు, అది ఎక్కువుంటే మట్టి కలిసినట్టే. అదే వంగడం ఒక ఊళ్ళో ఒకలా, ఇంకో ఊళ్ళో ఇంకోలా తూగడం మరో తలనొప్పి.

అయినా ఒకటి దొరికింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో ఐఆర్ 72తో మన దేశపు పాత పొడుగు రకం జావా బొండేను కలిపి తీసిన కొత్త రకాల్లో ఐఆర్ 68144 అనే దానిలో ఇనుము మామూలు కంటే ఎక్కువ కనబడింది. దాన్ని మనుషులకే పెట్టి చూశారు. మనీలా చుట్టుపక్కల మఠాల్లో ఉండే క్రైస్తవ సన్యాసినులు ఒప్పుకున్నారు. ఒకే వంటగది, ఒకే వేళ, ఎవరెంత తిన్నారో తూచగలిగే చోటు, ఇంతకంటే మంచి పరీక్షశాల దొరకదు. 9 నెలలు, చివరికి లెక్కలోకి వచ్చినవాళ్ళు 192 మంది. సగం మందికి కొత్త బియ్యం, సగం మందికి మామూలువి. ఫలితం 2005లో అచ్చయింది. కొత్త బియ్యం తిన్నవాళ్ళకు అన్నం నుంచి రోజుకు 1.79 మిల్లీగ్రాముల ఇనుము అందింది, మిగతావాళ్ళకు 0.37. ఒంట్లో ఇనుము నిల్వ కొంత పెరిగింది. ఆ పెరుగుదల రక్తహీనత లేనివాళ్ళలోనే, అందులోనూ నిల్వ అడుగంటినవాళ్ళలో బాగా కనబడింది. హిమోగ్లోబిన్ మాత్రం పెరగలేదు.

ఈ ఫలితాన్ని వైఫల్యమని కొట్టిపారేసినవాళ్ళున్నారు, అద్భుతమని ఊదరగొట్టినవాళ్ళూ ఉన్నారు. రెండూ తప్పే. అన్నంలో ఇనుము పెరగడమంటే నెలజీతం రెండు వందలు పెరగడం లాంటిది. అప్పులేనివాడికి అది ఏడాది తిరిగేసరికి పొదుపవుతుంది, లక్ష అప్పున్నవాడికి వడ్డీకి కూడా చాలదు. మీ షెడ్లలో ఆడవాళ్ళది రెండో పరిస్థితి. కావాలంటే లెక్క వేసి చూడండి. 50 కిలోల మనిషి ఒంట్లో మూడుంబావు లీటర్ల రక్తం ఉంటుంది. హిమోగ్లోబిన్ 8 నుంచి 12కు రావాలంటే అందులో 130 గ్రాముల హిమోగ్లోబిన్ కొత్తగా తయారు కావాలి. ఒక్కో గ్రాముకు 3.4 మిల్లీగ్రాముల ఇనుము పడుతుంది, అంటే మొత్తం 440 మిల్లీగ్రాములు. ఇప్పుడు 13 అంకె అందుకున్న బియ్యం మీ చేతిలో ఉందనే అనుకుందాం. రోజుకు 400 గ్రాముల బియ్యం వండుకుంటే మామూలు బియ్యం కంటే 4.4 మిల్లీగ్రాములు ఎక్కువ తింటారు. అందులో పదో వంతు ఒంటికి పట్టిందనుకున్నా 0.44. అప్పు తీరడానికి వెయ్యి రోజులు! ఈ మధ్యలో ప్రతి నెలా బహిష్టులో పోయేది లెక్కలోకే రాలేదు. వెయ్యి రోజులంటే ఆ టవర్లు పూర్తయి, వీళ్ళు ఇంకో ఊరికి పోయి కూడా చాలా కాలమవుతుంది.

మరి ఆ 13ను ఎవరూ అందుకోలేదా అంటే, జన్యుమార్పిడితో అందుకున్నారు. సోయాచిక్కుడులో ఇనుమును దాచుకునే ఫెరిటిన్ జన్యువును, ఇనుమును మోసుకుపోయే పదార్థాన్ని తయారుచేసే వరి జన్యువు ఇంకో ప్రతిని కలిపి ఐఆర్ 64 వరిలో పెట్టారు. గాజు ఇంట్లో కాదు, రెండు దేశాల్లో పొలాల్లోనే పండించి తూచారు. తెల్లబియ్యంలో కిలోకు 15 మిల్లీగ్రాముల ఇనుము వచ్చిందని 2016లో ప్రకటించారు. కానీ మన దేశంలో జన్యుమార్పిడి వరి సాగుకు అనుమతి లేదు, కాబట్టి మీ కౌలుదారు చేతికి అది రాదు. మామూలు సంకరంతో పనిచేసేవాళ్ళు చాలామంది మెల్లగా జింకు వైపు మళ్ళారు. జింకు తవుడు దాటి గింజ లోపలికి కూడా పోతుంది, పాలిష్ పట్టినా కొంత నిలుస్తుంది. హైదరాబాదులోని భారత వరి పరిశోధన సంస్థ 2016లో విడుదల చేసిన డీఆర్‌ఆర్ ధాన్ 45 అలాంటిదే, తెల్లబియ్యంలో కిలోకు 22.6 మిల్లీగ్రాముల జింకు. మంచి రకం, పిల్లల ఎదుగుదలకు మేలు. రక్తహీనతకు మందని మాత్రం దాన్ని పంచకండి.

ఎర్రబియ్యం సంగతి ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. రంగు ఇనుముది కాదు. రాజముడి, నవారా లాంటి బియ్యం ఎరుపుకు కారణం పైపొరలోని వగరు పదార్థాలు, టీలో ఉండే వాటి చుట్టాలే. అవి ఇనుమును పట్టనివ్వవు. తినాలనిపిస్తే రుచి కోసం తినండి, పదిహేను వేలు మాత్రం దాని మీద పెట్టకండి. బీట్‌రూట్ రసం తాగితే నెత్తురు పడుతుందన్న నమ్మకం కూడా ఈ జాతిదే.

ఇంతలో ఆ షెడ్లలోకి ఇనుము బియ్యం ఒకటి ఇప్పటికే వచ్చి ఉండొచ్చు. రేషన్ బియ్యంలో నూటికి ఒక గింజ లెక్కన పిండితో అచ్చుపోసిన గింజలు కలుపుతూ వచ్చారు. అందులో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 ఉంటాయి. 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించాక దేశమంతా రేషన్‌లోకి తెచ్చిన పథకం ఇది. నిబంధన ప్రకారం కిలోకు ఇనుము 28 నుంచి 42.5 మిల్లీగ్రాములు, అంటే వంగడాలు తీసేవాళ్ళు ఇరవై ఏళ్ళుగా కలలుగంటున్న అంకెకు రెండు మూడింతలు. కానీ ఏం జరుగుతుందో తెలుసా? ఆ గింజలు కొంచెం పసుపుగా, నీళ్ళలో కొన్ని తేలుతూ కనబడతాయి. ‘ప్లాస్టిక్ బియ్యం’ అని చాటలో ఏరి పారేస్తారు! ఈసారి ఆదివారం పలకలు పక్కన పెట్టి మీ బృందం ఈ ఒక్క ముక్క చెప్పినా చాలు. రేషన్ బియ్యంలో అలాంటి గింజలు కనబడితే ఏరొద్దని, మరీ ఎక్కువసార్లు కడగొద్దని, గంజి వార్చకుండా ఇగరబెట్టుకోమని చెప్పండి. ఊళ్ళో ఉన్న కార్డు మీద బెంగళూరు రేషన్ డిపోలో కూడా వేలిముద్ర వేసి తమ కేంద్ర కోటా తీసుకోవచ్చని చాలామందికి తెలియదు, అది కూడా చెప్పండి.

ఇలాంటి బియ్యం పనిచేస్తుందా అన్నదానికి ఒక పాత పరీక్ష మీ బెంగళూరులోనే జరిగింది. ఒంట్లో ఇనుము తగ్గిన 184 మంది బడిపిల్లలకు 7 నెలలు మధ్యాహ్నం అన్నం పెట్టారు, సగం మంది పళ్ళెంలో 20 మిల్లీగ్రాముల ఇనుము కలిపి. 2006లో అచ్చయిన ఆ ఫలితం ప్రకారం కలిపిన పిల్లల్లో ఇనుము లోపం 78 శాతం నుంచి 25కు దిగింది. కలపని పిల్లల్లో కూడా 79 నుంచి 49కి దిగింది. రెండు గుంపులకీ పరీక్ష మొదట్లో, మధ్యలో నులిపురుగుల మందు వేశారు, రోజూ కడుపునిండా అన్నం పెట్టారు. నాకు ఆ రెండో అంకే ఎక్కువ మాట్లాడుతుంది. అందరికీ అన్నిట్లో ఇనుము కలపడం సరికాదని వాదించేవాళ్ళూ అదే ఊళ్ళో ఉన్నారు, సెయింట్ జాన్స్‌లో పోషకాహారం మీద దశాబ్దాలు పనిచేసిన అనురా కుర్పద్ వారిలో ముఖ్యుడు. కొలవకుండా అందరికీ పెట్టకూడదన్నది నాకూ సబబే అనిపిస్తుంది. మీరు కొలిచారు కాబట్టి మీ దగ్గర ఆ పేచీ లేదు.

అందుకే మీ పదిహేను వేలలో ఒక్క రూపాయి కూడా బియ్యం మీద, మాత్రల మీద పెట్టకండి. ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలు, నులిపురుగుల మాత్ర ప్రభుత్వం నడిపే నమ్మ క్లినిక్‌లోనూ పీహెచ్‌సీలోనూ ఉచితం. 9, 10 ఉన్నవాళ్ళందరినీ అక్కడికి పంపి, ఎన్ని మాత్రలు, ఎన్నాళ్ళు అన్నది అక్కడి డాక్టరు చేతే రాయించండి. అసలు కష్టం మాత్ర దొరకడంలో లేదు, మింగడంలో ఉంది. వారం తిరక్కముందే విరేచనం నల్లగా అయిందని, కడుపులో తిప్పుతోందని మానేస్తారు. నల్లగా అవడం మామూలేనని ముందే చెప్పండి. తిప్పితే రాత్రి తిని పడుకునేముందు వేసుకోమనండి, అప్పటికీ తగ్గకపోతే మానేయకుండా డాక్టరుకు చెప్పమనండి. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్ళు వాడాలి, నిల్వ నిండేది అప్పుడే. ఇంకొకటి, ఇది మరిచిపోవద్దు: షెడ్డులో పాకే పిల్లలుంటారు, ఎర్రమాత్రలు వాళ్ళకు చాక్లెట్లలా కనబడతాయి. నాలుగైదు మింగినా పసిప్రాణానికి ముప్పు. రేకుకు గూడు కొట్టించి ఎత్తులో పెట్టించండి.

డబ్బు కూరల మీద పెట్టండి. తినేవాళ్ళకు వారానికి రెండుసార్లు కోడి కాలేయం. బెంగళూరులో మాంసం కంటే అదే చౌక, అందులోని ఇనుము అన్నంలో ఇనుము కంటే ఎన్నో రెట్లు బాగా పడుతుంది. సీమవాళ్ళకు నల్ల వేపుడు, అంటే నెత్తురు వేపుడు, కొత్తేమీ కాదు, మీకు చూడబుద్ధి కాకపోయినా వాళ్ళను వద్దనకండి. తిననివాళ్ళకు అలసందలు, ఉలవలు, ఆకుకూర పప్పు, దాని మీద తప్పనిసరిగా నిమ్మకాయ పిండుకోవడం, లేదా తిన్నాక ఒక జామకాయ. పులుసులు ఇనప మూకుట్లో కాయిస్తే అదీ కొంత కలుస్తుంది. అన్నం తిన్న వెంటనే మేస్త్రీ తెప్పించే టీని గంటన్నర వెనక్కి జరపగలిగితే అది మీ బృందం సాధించిన పెద్ద గెలుపు. మేస్త్రీతో మాట్లాడేది మాత్రం మీ ఇంట్లో మగవాళ్ళు కాదు, మీరే. బిల్డరుతో మాట్లాడాల్సినది ఇంకొకటుంది, మరుగుదొడ్లు. కొంకిపురుగు మట్టిలోంచి ఉత్త పాదాల గుండా ఎక్కి, పేగులో కూర్చుని రోజూ రక్తం తాగుతుంది. పనివాళ్ళకు నీళ్ళు, దొడ్లు ఏర్పాటు చేయడం దయ కాదు, చట్టం పెట్టిన బాధ్యత. మూడు నెలలు సరిగ్గా మాత్రలు మింగినా అంకె కదలనివాళ్ళుంటే బీ12 లోపమో, తలసేమియా లక్షణమో పరీక్ష చేయించమని డాక్టరును అడగండి. అలాంటివాళ్ళకు ఇనుము పోస్తూ పోవడం మంచిది కాదు.

ఇప్పుడు మీ మూడెకరాలు. హిందూపురం బోరు కింద వరి వేయడమే నాకు నచ్చని ఆలోచన, ఆ నీళ్ళు ఎంత లోతునుంచి వస్తున్నాయో మీ కౌలుదారుకు తెలుసు. ఇనుము పంటే కావాలంటే మీ ఉమ్మడి జిల్లాలోనే తయారైనది ఒకటుంది. అనంతపురంలో ఆచార్య ఎన్‌జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు తీసిన సజ్జ, ఏబీవీ 04, 2018లో విడుదలైంది. కిలోకు 70 మిల్లీగ్రాముల ఇనుము, 63 జింకు, మూడు నెలల లోపు పంట. అంతకుముందే పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నుంచి ధనశక్తి అనే సజ్జ వచ్చింది. సజ్జలో తవుడు తీసేసే పని లేదు, గింజ మొత్తం పిండిలోకి వస్తుంది. వరి దగ్గర మేం ఓడిపోయిన మలుపు అక్కడ అసలు లేదు. రెండు వందల గ్రాముల పిండితో రొట్టెలు చేసుకుంటే 14 మిల్లీగ్రాములు. ఫైటిక్ ఆమ్లం దీనిలోనూ ఉంది, అయినా పరీక్షలో నెగ్గింది. మహారాష్ట్రలో బడిపిల్లలకు ఇనుము సజ్జ రొట్టెలు పెట్టి చూస్తే, లోపమున్న పిల్లలు ఆరు నెలల్లో అందులోంచి బయటపడే అవకాశం మామూలు సజ్జ తిన్నవాళ్ళ కంటే 1.6 రెట్లు కనబడింది. అప్పుడు కూడా ఇది మాత్రకు బదులు కాదు. మాత్రలతో అప్పు తీరినవాళ్ళు మళ్ళీ అప్పులో పడకుండా నిలబెట్టేది ఇది, ఆ షెడ్లలో పెరుగుతున్న ఆడపిల్లలకు ముందే కాస్త నిల్వ చేర్చేది ఇది. రాయచూరు ఆడవాళ్ళకు సజ్జ రొట్టె తట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు, మనవాళ్ళకూ అంతే. నగరానికి వచ్చాక తెల్లన్నం గౌరవమై, రొట్టె వెనకబడింది, అంతే.

జూన్, జులై వానలకు విత్తించండి. విత్తనం కోసం అనంతపురం పరిశోధన స్థానంలో అడగండి. ఏబీవీ 04 హైబ్రిడ్ కాదు, మరుసటి ఏటికి మీ విత్తనం మీరే తీసుకోవచ్చు. కాకపోతే సజ్జ పక్క చేని పుప్పొడి పట్టేస్తుంది, కాబట్టి విత్తనపు కంకులు అంచుల్లోంచి కాకుండా చేను నడుమ నుంచి కోయించండి. పిట్టల బెడద ఉంటుంది, ఒక్క చేనే సజ్జయితే ఊళ్ళో పిట్టలన్నీ మీ దగ్గరే. పక్కవాళ్ళను కూడా ఒప్పించగలిగితే నష్టం పంచుకున్నట్టవుతుంది. కౌలుదారుకు వరి మీద ఎంత మిగులుతుందో అడిగి, ఆ తేడా మీ పదిహేను వేలలోంచి కట్టడానికి ముందే మాట ఇవ్వండి, లేకపోతే ఆయన మీ ముందు తలూపి వేరుశనగ వేస్తాడు. పిండిగా ఆడించి లారీలో పంపొద్దు, సజ్జపిండి కొద్ది రోజుల్లోనే చేదెక్కుతుంది. గింజగానే తెప్పించి, వారానికి సరిపడా మాత్రమే షెడ్ల దగ్గరి పిండిమరలో పట్టించండి.